అందరి ముంగట

శంషాబాద్‌లో మూడు రోజుల శిక్షణకు మాధవీలత అయిష్టంగానే వెళ్లింది. తప్పు చేసిన పిల్లల్ని కొట్టకూడదట. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఎవరికి ఏం బాధ కలిగిందో వాళ్ల నోటితోనే చెప్పించాలట. ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న ఆమెకు అదంతా కాలక్షేపంలా తోచింది.

తిరిగొచ్చిన వారంలోనే బడిలో గొడవైంది. తొమ్మిదో తరగతి భాగ్యలక్ష్మి, తోటి పిల్ల సరిత నోటుబుక్కు చించేసింది.

"నేర్చుకొని వచ్చిన్రు గద మేడం, ఇగ చేసి చూపియ్యుండ్రి" అని నవ్వాడు హెడ్మాస్టరు రాఘవేందర్.

మాధవీలత పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది. "నిన్నెవరైనా బాధపెట్టారా?" అని భాగ్యలక్ష్మిని అడిగింది.

"మీరే, టీచర్."

పిల్లలంతా టీచర్ వైపు తిరిగారు.

"పోయినేడు మీ ఫోన్ పోయిందని అందరి ముంగట నా సంచి కుమ్మరిచ్చిన్రు. తెల్లారి అదే ఫోన్ మీ చేతుల చూసిన, మీ ఇంట్లనే దొరికింది గద. మీరు ఎవ్వలికి చెప్పలే. అప్పటిసంది నా పక్కకు ఎవ్వలు కూసుంటలేరు. సరిత దాని బుక్కుల నా పేరు రాసి, కింద దొంగ అని రాసింది. అందుకే చింపిన."

పైన విమానం పోతోంది. ఆ మోత ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది మాధవీలతకు. పిల్ల చెప్పింది నిజం. ఆ సాయంత్రం అత్తాపూర్ ఇంట్లో ఫోను దిండు కింద దొరికింది. మర్నాడు చెబుదామనుకుంది. ఎన్ని మర్నాళ్లు గడిచినా నోరు రాలేదు.

మరుసటి రోజు ప్రార్థనలో ఆమె అందరి ముందూ నిలబడింది.

"భాగ్యలక్ష్మి దొంగ కాదు. తప్పు నాది. ఏడాదిగా దాచాను. నన్ను క్షమించమ్మా."

వరుసలో ఉన్న ఆ పిల్ల తలెత్తలేదు.

స్టాఫ్‌రూంలో రాఘవేందర్ నవ్వలేదు. "పిల్లల ముంగట మనమే గిట్ల వంగితే ఇగ మన మాట ఎవ్వలింటరు మేడం?" అన్నాడు. ఎవరూ ఆమె పక్షాన మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఆమె గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. ఇంటికెళ్తే చెప్పుకోవడానికీ ఎవరూ లేరు. భర్త పోయి నాలుగేళ్లు. అన్నం డబ్బా పట్టుకుని ఖాళీ తరగతి వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఏడాదంతా ఆ పిల్ల ఎలా తిన్నదో ఇప్పుడు తెలిసింది.

ఒక మధ్యాహ్నం భాగ్యలక్ష్మి పుస్తకం కోసం ఆ తరగతిలోకి వచ్చింది.

"నా మీద కోపం పోయిందా?" అని అడిగింది మాధవీలత.

"పోలే టీచర్." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "గని సరిత ఇప్పుడు నా పక్కకే కూసుంటున్నది."

బయట ఎవరో పిలిస్తే పరుగెత్తింది. మాధవీలత మెల్లగా డబ్బా మూత తీసి తినసాగింది.