అంబుజ ఆపిన వాన

బాగేపల్లిలో నరసింహయ్య సెట్టి ఇంట్లో చింతపండు రోజుల్లో పొద్దున్నే రెండు పనులు మొదలయ్యేవి. పెరట్లో పనిమనిషి పుట్టమ్మ చింతపండు కొట్టి, గింజలు తీసి చాపల మీద ఆరబోసేది. వసారాలో సెట్టి కూతురు అంబుజ ఎస్సెస్సెల్సీ ఇంగ్లీషు పరీక్షకు వ్యాసాలు రాసుకునేది. అది అరవై ఒకటో సంవత్సరం. పాసైతే ఆ పిల్ల బెంగుళూరులో టీచరు ట్రైనింగుకు పోవాలి. ఆ ఇంట్లో హైస్కూలు దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

అంబుజ ఇంగ్లీషులో వాన గురించి మనసు పెట్టి రాస్తే వాళ్ళింటి మీద వాన పడేది. మబ్బులకు ఇంగ్లీషు ఎవరు నేర్పారని ఊళ్ళో ఎవరూ అడగలేదు. గైడు చూసి రాస్తే మాత్రం చుక్క రాలేది కాదు. అందుకే మునినారాయణ మేష్ట్రు ఆమె వ్యాసానికి మార్కులు వేసే ముందు వాకిట్లోకి వచ్చి పెంకుల వైపు చూసేవాడు. తుంపరైతే ఇంకా కష్టపడమనేవాడు. శ్రావణంలో ఊరంతా ఎండ కాస్తుండగా ఒకనాడు సెట్టి ఇంటి చూరు ధార కట్టింది. ఆ రోజు మేష్ట్రు గొడుగు లేక అక్కడే భోంచేశాడు. ఈసారి పరీక్షలో వాన వ్యాసమే వస్తుందని, వదలకుండా రాయించమని సెట్టికి చెప్పి వెళ్ళాడు.

మాఘంలో చింతపండు దిగింది. మిట్టేమరి చింతతోపులన్నీ ఆ ఏడు సెట్టి ఒక్కడే గుత్తకు పట్టాడు. ఏడాది వ్యాపారమంతా పెరట్లో ఉంది. తడిస్తే నల్లబడి ఎవరూ ముట్టరు. అంబుజ వాన మానేసి ఆవు గురించీ జాతర గురించీ రాసుకుంది.

పరీక్ష చిక్కబళ్ళాపురంలో. తెల్లవారుజామున బస్సెక్కిస్తూ సెట్టి అన్నాడు.

"ఏమన్నా రాసుకో తల్లీ, వాన జోలికి మాత్రం పోవద్దు. సరుకు బయట ఉండాది."

"అదే అడిగితేనప్పా?"

"అదొకటే అడుగుతారా? ఇంకోటి రాసేసి రా."

ఆయన చెడ్డవాడు కాదు. కూతురికి కొత్త పెన్ను కొనిచ్చింది ఆయనే. చింతపండు గురించి ఆలోచించినంతగా పరీక్ష గురించి ఆలోచించలేదు, అంతే.

మధ్యాహ్నం ఊరంతా ఎండ మండిపోతుంటే సెట్టి ఇంటి మీద మాత్రం మబ్బు కమ్మింది. పుట్టమ్మ గబగబా చాపలు ఎత్తబోయింది. సెట్టి తలెత్తి చూసి, అక్కడ ఏ ప్రశ్న ఇచ్చారో గ్రహించాడు. నిన్ననే కూలీలను పెట్టి ఉంటే సరుకంతా ఒక్క పూటలో లోపలికి చేరేది. ఆ సంగతి ఆయనకు అప్పుడు తోచింది.

"ఎత్తొద్దు పుట్టమ్మా," అన్నాడు. మబ్బు వైపు తిరిగి, "తడిస్తే తడవనీ. రాసేయ్ తల్లీ," అన్నాడు.

మబ్బు ఆయన మాట వినలేదు. నల్లగా కిందికి వంగి, కాసేపు నిలిచి, చుక్క రాల్చకుండా గుడిబండె కొండ వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రం బస్సు దిగిన అంబుజ, వ్యాసం అదొక్కటే ఇచ్చారని చెప్పింది. ఇంటి మీద మబ్బు పట్టి ఉంటుందనిపించేదాకా రాసి ఆపేశానంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయనకు కొంచెం తేలిగ్గా ఉండేది. చింతపండు మంచి ధరకు పోయింది, ఇంగ్లీషు తప్పింది.

సెప్టెంబరు పరీక్షకు ఆయనే పట్టుబట్టి కట్టించాడు. పెరడంతా ఊడ్పించి, మేష్ట్రును పిలిపించి, వాన గురించి రాసి చూడమని అంబుజను వసారాలో కూర్చోబెట్టాడు. తను తలపాగా తీసేసి పెరటి మధ్యలో నిలబడ్డాడు. మబ్బు వచ్చి నిలిచింది.

"రాస్తాండావా అమ్మా?"

"రాస్తానే ఉండానప్పా. మబ్బు దాకా వస్తాంది. ఆ తర్వాత చెయ్యి ఆగిపోతాంది."

మేష్ట్రు చెప్పులు తొడుక్కున్నాడు. ఆ పరీక్షా పోయింది. మరుసటి ఏడు అంబుజ పెళ్ళయి చింతామణి వెళ్ళింది.

సెట్టి మళ్ళీ చింతపండు పట్టలేదు. ఎప్పుడన్నా ఒక మధ్యాహ్నం ఆ ఖాళీ పెరటి మీద ఒక మబ్బు వచ్చి నిలిచేది. చింతామణిలో అంట్లు తోముకుని, పిల్లను నిద్రపుచ్చి, కూతురు మళ్ళీ రాయడానికి కూర్చుందని ఆయనకు తెలిసేది. అంగడి ఎవరికైనా అప్పజెప్పి ఇంటికి పరుగెత్తి వచ్చి, తలపాగా తీసి, మబ్బు వెళ్ళిపోయేదాకా దాని కింద నిలబడేవాడు.