కాంతమ్మగారి గుమ్మం

"తోటపనికి కూడా చదువుంటుందాండీ?" అని మా నాన్నగారిని అమలాపురంలో అడగనివాళ్లు లేరు. మా నాన్నగారు ఏసుదాసు మాస్టారు, రిటైరైనా ఆయన్ని అందరూ అలాగే అంటారు, "ఆయ్, ఉంటుందండీ, ఢిల్లీలో చెబుతారు" అని ఓపిగ్గా చెప్పేవారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అంటే మొక్కలకి నీళ్లు పోసే మనిషి కాదు. నేల ఎటు వాలాలో, నీరు ఎటు పోవాలో, మనిషి ఎటు నడవాలో ముందే గీసి పెట్టే మనిషి. ఇదంతా చెప్పి చెప్పి నా గొంతు పోయింది గానీ, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యింది.

ఇక్కడెవరూ పని ఇవ్వరని తేలిపోయేక పైదేశాలకి దరఖాస్తులు పెట్టడం మొదలెట్టేను. ఎనభై అయిదులో మస్కట్ కంపెనీ ఒకటి పలికింది. ఉద్యోగం ఇస్తాం గానీ, కాయితం మీద కాదు, నేల మీద నువ్వు కట్టిన తోట ఒక్కటైనా చూడాలంది. వాళ్ల ఇంజనీరు మాణిక్యాలరావుగారిది మన రాజోలే. సెలవుకి వచ్చినప్పుడు ఆయనే చూసి సంతకం పెడతారు. పెళ్లికాని పిల్లని కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ల మాట కూడా ఆయన తీసుకోవాలట. మా ఇంట్లో పెద్దవాళ్లంటే నాన్నగారొక్కరే. నేను పాకే వయసులోనే అమ్మ పోయింది. ఆవిడ గొంతు ఎలా ఉండేదో కూడా నాకు తెలీదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, నాన్నగారి పాత స్నేహితుడు యజ్ఞనారాయణగారి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన కొత్తపేట దగ్గర ఏటిగట్టు కింద ఒక కొబ్బరితోట కొన్నారు. "నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో అమ్మా" అని తాళం చేతిలో పెట్టేరు. గేటు నుంచి గట్టు దాకా తిన్నగా ఒక గ్రావెల్ దారి, దాని పక్కన నీరు పోయే కాలవ, పూలమడులు. దారే ఆ తోటకి ప్రాణం. ఆ దారి మీదే నా మస్కట్ ఉంది.

పని మొదలైన రోజే చూసేను. మట్టితట్టలు మోసే మనుషులు తోట మధ్యకి రాగానే పక్కకి తిరిగి, చుట్టూ నడిచి, మళ్లీ తిన్నగా పోతున్నారు. అక్కడ చూస్తే ఏమీ లేదు. గొయ్యి లేదు, చెట్టు లేదు, ఉత్త నేల. కుక్కలు మాత్రం మధ్యలోంచి పోతున్నాయి, వాటికి మర్యాదేముంది.

మేస్త్రీ సూరయ్యని అడిగేను. "ఏంటి బాబాయ్, అక్కడేముంది?"

"ఇల్లండీ."

"ఎవరిల్లు?"

"కాంతమ్మగారిదండీ. యాభైమూడు వరదకి పోయిందండీ. ఆవిడా పోయేరు. ఆవిడ కూతురు అప్పటికి మీ వయసుదేనండీ, ఆ పిల్ల మాత్రం దొరకనే లేదండీ."

"లేని ఇంటికి చుట్టూ తిరగడమేంటి మీరు?"

"గోడలు పోయేయి గానీ ఆవిడ ఖాళీ చెయ్యలేదు కదండీ. అడక్కుండా ఒకళ్ల ఇంట్లోంచి నడిచిపోతామాండీ?"

"అయితే అడుగు."

సూరయ్య భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, ఆ ఉత్త నేల ముందు నిలబడి, "కాంతమ్మగారూ, లోపలికి రావచ్చాండీ?" అన్నాడు. కాసేపు చూసి వెనక్కి వచ్చేడు. "పలకలేదండీ. పనిలో ఉన్నట్టున్నారు" అన్నాడు. నవ్వుతాడేమోనని చూసేను. నవ్వలేదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఢిల్లీలో నేర్చుకున్నది ఈ దిక్కుమాలిన మర్యాదలకి కాదనుకుని, దారికి గుర్తు పెట్టే కర్రమేకులూ పురికొసా చేత్తో పట్టుకుని, చెప్పులతోనే చరచరా లోపలికి నడిచేను. మొదటి మేకు కొట్టేను. ఉల్లిపాయలు వేగుతున్న వాసనొచ్చింది. దగ్గర్లో పొయ్యి అన్నది లేదు. రెండో మేకు కొట్టడానికి వంగితే, నా పక్కన కూర్చున్న, కంటికి కనపడని మనిషెవరో చోటిస్తున్నట్టు కొంచెం జరిగేరు.

"ఇంత ఎండలో ఎక్కడ తిరిగేవే?" అంది ఒక గొంతు. గట్టిగా కాదు, వంటింట్లోంచి అన్నట్టు, మామూలుగా.

వెనక్కి తిరిగితే కూలీలందరూ దూరంగా తలలు దించుకుని నిలబడి ఉన్నారు.

"ఎవరు మాట్లాడేరు?"

"మాకేం వినపడలేదండీ" అన్నాడు సూరయ్య. "కానీ మీరు అడక్కుండా వెళ్లిపోయేరండీ. అలా వెళ్లేది ఇంటి మనుషులేనండీ."

"చాల్లే బాబాయ్, పని చూడు" అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ గొంతుకి నాకు భయం వెయ్యలేదు. భయం వెయ్యనందుకే భయమేసింది. నన్ను అలా విసుక్కున్నవాళ్లు లేరు. నాన్నగారు విసుక్కోరు, బడిపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెబుతారు. మర్నాడు మధ్యాహ్నం పనేం లేకపోయినా ఆ మేకులు చూసొస్తానని వెళ్లేను. "తల దువ్వుకోలేదేంటే?" అంది. ఆ మర్నాడు నేనే తల దువ్వుకుని వెళ్లేను. ఆ ముక్కలో గ్రావెల్ పోయడానికి ఎవరూ రాకపోతే నేనే తట్టతో మోసి పోసుకున్నాను. మోస్తున్నంతసేపూ వెనక నుంచి సణుగుడు, సుఖంగా ఉండేది. ఇంట్లో ఈ సంగతి ఎత్తలేదు. ఎత్తితే నాన్నగారు నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయిస్తారు.

శ్రావణంలో మాణిక్యాలరావుగారు వచ్చేరు. బూట్లూ టక్కూ, చేతిలో తోలు సంచీ. నాన్నగారు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెంట వచ్చేరు. గేటు దగ్గర నుంచి ఆయన ఒక్కో అడుగూ వేస్తూ, కాలవ వాలు చూసి, "నీరెక్కడా నిలవలేదండీ, భలే పట్టుకున్నారు" అన్నారు. నా గుండె పొంగిపోయింది. వీసా చేతికొచ్చినట్టే అనుకున్నాను.

తోట మధ్యకి వచ్చేక ఆయన ఆగిపోయేరు. ఎవరూ ఏమీ చెప్పలేదు. వంగి బూట్ల తాళ్లు విప్పి, వాటిని పక్కన పెట్టి, "లోపలికి రావచ్చాండీ?" అన్నారు. ఒక్క క్షణం ఆగి, తల కొంచెం వంచి, తక్కువ ఎత్తు గుమ్మం దాటినట్టు దాటేరు. అక్కడే గ్రావెల్ మీద నిలబడి తలూపుతున్నారు. "ఆయ్... ఆయ్ అండీ... తప్పకుండానండీ."

నాన్నగారు నా మొహంలోకి చూసేరు. నేను చూపు తిప్పుకున్నాను.

మాణిక్యాలరావుగారు బయటికి వచ్చి బూట్లు తొడుక్కున్నారు. ఆయన మీసాల మీద తెల్లగా మజ్జిగ అంటుకుని ఉంది.

"తోటకి వంక లేదండీ" అన్నారు. "కాయితం కూడా సంచీలోనే ఉంది. కానీ అమ్మగారు పంపనంటున్నారు."

"ఏ అమ్మగారండీ?" అన్నారు నాన్నగారు. "మా ఆవిడ పోయి ఇరవై ఏళ్లు దాటిపోయింది."

మాణిక్యాలరావుగారు అయోమయంగా వెనక్కి చూసి, మళ్లీ నా వైపు తిరిగేరు. "వరదలో తప్పిపోయిన పిల్ల ఇన్నాళ్లకి ఇల్లు చేరిందట. మళ్లీ నీళ్లు దాటించనన్నారు. కన్నతల్లి వద్దన్నాక నేను సంతకం ఎలా పెడతానండీ? సాయంత్రం బస్సుకి రాజమండ్రి వెళ్లిపోతాను. ఈలోగా ఆవిడ సరేనంటే కొత్తపేట బస్టాండుకి వచ్చేయండి."

ఆయన్ని బతిమాలడానికి నాన్నగారు కూడా వెంట వెళ్లేరు. వెనకే వస్తానని నేను ఆగిపోయేను.

అందరూ వెళ్లేక నా కోపం కట్టలు తెగింది. "ఎవరివమ్మా నువ్వు నన్ను ఆపడానికి? నా చదువు, నా ఉద్యోగం, మధ్యలో నీ పెత్తనమేంటి?" అని తోటంతా వినపడేలా అరిచేను. అప్పుడు ఆలోచిస్తే తట్టింది. అడక్కుండా వెళ్లినందుకే కదా నన్ను ఇంటి పిల్లని చేసుకుంది. పరాయిదాన్లా బయట నిలబడి అడిగితే సరి. "ఆయ్, రండి" అందంటే నేను ఆ ఇంటికి చుట్టాన్నే. చుట్టాన్ని ఎవరూ ఆపరు.

చెప్పులు విడిచేను. చేతులు కట్టుకున్నాను. "కాంతమ్మగారూ, లోపలికి రావచ్చాండీ?"

"మనింట్లోకి మనం అడిగి రావడమేంటే, పిచ్చిపిల్లా? అన్నం చల్లారిపోతోంది, రా."

నన్ను పంపించమని చెప్పడానికే లోపలికి వెళ్లేను. ఒట్టు. ఒక్క మాట చెప్పి పరిగెత్తుకుపోదామనే వెళ్లేను. కానీ ఎదురుగా ఎవరో పీట జరిపేరు, నా కాళ్లు మడుచుకున్నాయి. ఏటి వైపు నుంచి వాన ముంచుకొచ్చింది. చుట్టూ గ్రావెల్ మీద చినుకులు ఎగిరెగిరి పడుతున్నాయి. నా మీద ఒక్క చుక్క పడలేదు. నెత్తి మీద తాటాకు కప్పు మీద పడ్డట్టు చప్పుడు మాత్రం వినపడుతోంది. నాకు ఏడుపొచ్చింది. భయానికో, హాయికో నాకే తెలీదు.

కొత్తపేట వైపు నుంచి బస్సు హారన్ వినిపించింది. ఆగి ఆగి, పిలుస్తున్నట్టు.

గేటు తోసుకుని నాన్నగారు పరిగెత్తుకొచ్చేరు. పంచె బురదలో జీరాడుతోంది. పొడి నేల మీద కూర్చున్న నన్ను చూసి, సరిగ్గా గోడ ఉండే చోట ఆగిపోయేరు. దెయ్యమన్న మాట ఇంట్లో ఎత్తనివ్వని మనిషి. గొడుగు ముడిచేరు. ఆ వానలో తడుస్తూ తల వంచుకుని, ఎవరికో తెలియకుండానే చేతులు జోడించేరు.

"అమ్మా, మా అమ్మాయిని పంపిస్తారాండీ? కండక్టరు కాళ్లు పట్టుకుని బస్సు ఆపించి వచ్చేనండీ."

ఇదిగో వస్తున్నా నాన్నా అందామని నోరు తెరిచేను.

"మీ అమ్మాయి ఎవరండీ?" అని చాలా మర్యాదగా వినిపించింది. ఆ మాట అన్నది నా నోరే.