సున్నం గీత, ఎర్రజెండా

మా ఆయన మురళీధర్ కోదాడలో రోడ్ల శాఖ ఇంజనీరు. నెలకోసారి హైదరాబాదు పోయి పెద్దసారుతో గోల్ఫ్ ఆడతాడు. బంతిని ఆమడ దూరం కొడతాడు గానీ, ఎదురుగా కనిపించే గుంతలో మాత్రం వేయలేడు. పోయినసారి పెద్దసారు పకపకా నవ్వాడట. ఆ కోపం ఇంటికి మోసుకొచ్చి నా మీద చూపించాడు.

కంటికి గీత కనబడితే చెయ్యి వంకర పోదని ఏదో వీడియోలో చెప్పారట. ఇంకేం! బంతి చుట్టూ స్కెచ్‌పెన్నుతో గీత. ఇంటి పక్క ఖాళీ జాగాలో మేస్త్రీ దారం లాగి, దాని వెంబడి సున్నం గీత. చివరన ఒక స్టీలు గ్లాసు పాతి, పక్కనే ఎర్రజెండా.

ఆ గీతకు సరిగ్గా ఎదురుగా ఐలన్న గొర్ల దొడ్డి ఉంది. దొడ్డిని ఆనుకుని ఉన్న పక్కింటి లక్ష్మయ్య ఇటుకల కుప్ప సగం ఐలన్న జాగాలోనే ఉంది. తీయమని ఐలన్న ఎన్నాళ్ల నుంచో మొత్తుకుంటున్నా, లక్ష్మయ్యకు చీమ కుట్టినట్టయినా లేదు.

మర్నాడు ఐలన్న చెంబెడు పాలు పట్టుకొచ్చాడు.

"సారూ, గీత జర పక్కకు జరపరాదుండ్రి?"

మా ఆయన బంతి మీది నుంచి తల ఎత్తలేదు. "వంకర పోతే ఇజ్జత్ పోతది ఐలన్నా. సీదా పోవాలె. ఆదివారం పెద్దసారు సూస్తడు."

ఐలన్న పాలచెంబు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున చూద్దును గదా, దొడ్డి లేదు! తడకలు ఊడదీసి కట్టలు కట్టాడు. గొర్లను చిలుకూరులో చెల్లెలింటికి తోలేశాడు.

"రోడ్డొస్తది గదమ్మా. బుల్డోజర్ తొక్కకముందే తడకలన్న దక్కించుకుందామని," అంటూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయనను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"రోడ్డు లేదు, ఏం లేదు ఐలన్నా. గిది ఆట," అన్నాడు నీళ్లు నములుతూ.

ఐలన్న వంగి గ్లాసులోకి చూశాడు. "గీ గోలీ గీండ్ల పడనీకె గింత గీతనా సారూ?"

ఆదివారం హైదరాబాదు ప్రయాణం మానిపించాను. మా ఆయనే పలుగు పట్టి, అదే దారం లాగి, దొడ్డి గుంజలన్నీ వరసగా పాతాడు. గొర్లకు సీదా ఎందుకు సారూ అని ఐలన్న అంటున్నా వినలేదు.

పనయ్యాక జెండా పీకబోతే ఐలన్న ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"గీ ఒక్క దినం ఉండనియ్యుండ్రి సారూ! లక్ష్మయ్య పొద్దుగాల సంది ఇటుకలు మోపిస్తుండు. ఇంగొక్క ట్రాక్టరే మిగిలింది."