గొట్టం కట్టేసిన ఎండాకాలం

ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ వ్యాపారం మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి ఒక కోత మిషను, ఒక రేకుల షెడ్డు, చిన్న ఈరన్న. మూడింటిలో ఈరన్నే విలువైనవాడు. సుత్తితో ఒక్కసారి తట్టి, రాయి లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు.

పోయిన ఎండాకాలం బోరు ఎండింది. ట్యాంకర్లు తెప్పించడం ఎందుకని, బ్లేడు మీద నీళ్ళు పడే గొట్టం నేనే కట్టేశాను. తడపకుండా రాయి కోస్తే షెడ్డంతా తెల్లటి దుమ్ము. మూతికి గుడ్డ కట్టుకోమన్నాను. ఈరన్న నెలన్నర అట్లాగే కోశాడు.

కడపకు లోడు పోవలసిన రోజున రాలేదు. అతని భార్య రామేశ్వరమ్మ వచ్చింది.

"ఆయప్పకు సుస్తీగా ఉండాది నిస్సారన్నా. దగ్గుతో నిద్దరే ల్యా."

"లోడు పోయే దినమే వస్తాదా సుస్తీ? రేపు రాకుంటే మిషను కాడ ఇంకొకణ్ణి పెడతా. పో!"

ఆమె పోయింది. షెడ్డు పక్కనే మా ఇల్లు. అంతా విన్న మా అమ్మ బీబమ్మ బయటికొచ్చింది.

"రేయ్, సుస్తీ ఎవరి మాట?"

"మన ఉర్దూ మాటే."

"మనింట్లో ఏమంటారు దాన్ని?"

"సోమరితనం."

"మరి వీళ్ళకు రోగమెట్లయ్యింది? మంచాన పడిన కూలోణ్ణి చూసి మనోడే ఎవడో సుస్తీగాడా అని తిట్టింటాడు. తిట్టించుకుని తిట్టించుకుని రోగానికే ఆ పేరు పెట్టుకున్న్యారు. నాకట్లే అనిపిస్తాది. మీ నాయన గనిలో మేస్త్రీగా ఉన్నప్పుడు ఆయన నోట ఆ తిట్టు ఇన్న్యా. ఇప్పుడు నీ నోట ఇంటాండా. థూ!"

కోపం నషాళానికంటింది. వాడు బీడీ తాగుతూ పడుకుని ఉంటాడు, ఈడ్చుకొచ్చి అమ్మ ముందు నిలబెడదామని బండి తీశాను.

ఈరన్న పడుకోలేదు. పడుకుంటే ఊపిరాడదట, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దండెం మీద అతని మూతిగుడ్డ ఉతికి ఆరేసి ఉంది. ఉతికినా పలకలా బిరుసుగా నిలబడింది.

నన్ను చూసి లేవబోయాడు.

"రేపొస్తాలే అన్నా. గొట్టం ఇప్పినావా?"

తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ నాకే మిగిలాయి. బండి మీదే ఆసుపత్రికి తీసుకుపోయాను. ఊపిరితిత్తుల నిండా దుమ్మే అన్నాడు డాక్టరు, ఇక మిషను దగ్గరికి పోకూడదన్నాడు.

ఇప్పుడు ఈరన్న గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, దిగిన రాళ్ళు తట్టి చెబుతున్నాడు. నాలుగు రాళ్ళకోసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. మిషను బాగుంది, షెడ్డు బాగుంది.

ఆ ఎండాకాలం నేను మిగుల్చుకున్నది పదకొండు ట్యాంకర్ల నీళ్ళు.