వెనక ఎక్కిన నలుగురు

నేను ఒక ఫోర్క్‌లిఫ్టును. విశాఖపట్నం రేవు దగ్గరి గోడౌనులో గురువులు అనే బరువులెత్తే కళాసీ తువ్వాలు పోయిన రోజుతో నా కథ మొదలుపెడతాను. నా హద్దు ఏమిటో మనుషులకు ఆ రోజే తెలిసింది.

నా తయారీలో పెద్ద రహస్యమేమీ లేదు. ముందు రెండు ఇనుప చేతులు, వెనక బరువైన ఇనుప దిమ్మ. ముందు ఎత్తిన బరువుకు నేను బోల్తా పడకుండా ఆ దిమ్మ ఆపుతుంది. మొదట ఒక జనపనార మిల్లులో పనిచేశాను. నేను రాకముందు అక్కడ బేళ్లన్నీ మనుషుల వీపుల మీదే నడిచేవి. డీజిలు పొగ కక్కుతూ నేను వచ్చాక ఆ వీపులకు కాస్త విశ్రాంతి దొరికింది. మిల్లు మూతపడ్డాక గోడౌనువాళ్లు నన్ను కొన్నారు.

నేను మూడు టన్నులు ఎత్తగలను. ఆ మాట నా ఒంటి మీది రేకుపై రాసే ఉంది. రాసింది చదవకపోవడంలో మనుషులు నేర్పరులు. బరువు ఎక్కువైతే నలుగురు కళాసీలు నా వెనక ఎక్కి కూర్చునేవారు. తమను దిమ్మకు జతచేసుకుని, ఇక సరిపోయిందనుకునేవారు.

ఆ రోజు వచ్చిన యంత్రం పెట్టె నాలుగు టన్నులు. జారకుండా ఉండాలని గురువులు తన తువ్వాలు మడిచి నా ఇనుప చేతుల మీద పరిచాడు. అది ఎవరూ చూడలేదు. తర్వాత మరో ముగ్గురితో పాటు వెనక ఎక్కాడు. నన్ను నడిపే సన్నాసి అతనికి సొంత అన్న.

"కదలకండొరే! బస్తాల్లాగ కూకోండి," అంటూ సన్నాసి లివరు లాగాడు.

పెట్టె ఛాతీ ఎత్తుకు లేచింది. దాంతోపాటు నా వెనక చక్రాలూ లేచాయి. ఇనుప చేతులను పైకి లాగే గొలుసు తెగింది. పెట్టె నేలకు కొట్టుకుంది. దుమ్ము అణిగాక ముగ్గురు కళాసీలే కనిపించారు. పెట్టె కింద గురువులు తువ్వాలు అంచు కనిపించింది. ఎగిరి ముందుకు పడి నలిగిపోయాడనుకున్నారు.

సన్నాసి కూలబడ్డాడు. "ఓలమ్మో! నా తమ్ముడ్ని నానే సంపేసినాను!"

గొలుసు లేని నేను ఎందుకూ పనికిరాలేదు. కళాసీలు గునపాలు దూర్చి, వాళ్ల తాతల్లాగే కేకలు కలుపుతూ పెట్టె లేపారు. కింద తువ్వాలు తప్ప ఏమీ లేదు.

"ఏటన్నియ్యా, ఎవులు పోనారు?"

తలుపు దగ్గర గురువులు. చక్రాలు లేవగానే దూకి, భయంతో లారీల దాకా పరుగెత్తాడట. అన్న ఏడుపు విని తిరిగొచ్చాడు. సన్నాసి అతని చెంప మీద ఒక్కటిచ్చి, వెంటనే కావలించుకున్నాడు.

"కొత్త తువ్వాలన్నియ్యా, సిరిగిపోనాది."

"నోర్ముయ్యి. పది కొంతాను."

పోయాడనుకున్న మనిషి తిరిగి రావడం అందరికీ జరగదు. ఆ రోజు జరిగింది. నాకు ఊపిరంటూ ఉంటే అప్పుడే హాయిగా పీల్చుకునేదాన్ని.

మర్నాడు సన్నాసి పసుపు రంగుతో నా దిమ్మ మీద 'ఎక్కరాదు' అని రాశాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆ తర్వాత పదకొండేళ్లు నా వెనక ఎవరూ ఎక్కలేదు.

ఇప్పుడు నేను గోడౌను మూలన ఉన్నాను. నా పని బ్యాటరీ బండి చేస్తోంది. దానికి పొగ లేదు, రొద లేదు. సన్నాసి పని మానుకున్నాడు. ఆ కొత్త బండిని గురువులే నడుపుతున్నాడు. మధ్యాహ్నం నా సీటు మీద కూర్చుని క్యారేజీ విప్పుతాడు. ఎదురుగా కొత్త బండి దిమ్మ నున్నగా మెరుస్తుంటుంది. దాని మీద 'ఎక్కరాదు' అని ఇంకా ఎవరూ రాయలేదు.