బావమరిది పట్టిన తాడు

కొండచరియ అంచున మోకాళ్లు ఆనించి నారతాడు పట్టుకున్నాను, తాడు చివర పొగలో మా బావ బయ్యన్న వేలాడుతున్నాడు, పోయిన వానల్లో జ్వరంతో చనిపోయిన మనిషికి ఇంత బరువేమిటని నాకు తోచడం లేదు, జారకూడదన్న గుబులొక్కటే తోస్తోంది. మా చెంచుల్లో తేనెకు దిగేవాడి తాడు అతని భార్య తమ్ముడే పట్టాలి. అక్క బతుకు తన చేతిలో ఉందని తెలిసినవాడు వదలడు గనుక.

"ఏందిరా, తాడు వణుకుతాంది? కొత్త పెండ్లాం చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నావే!"

"చెమట, బావా."

"అరచేతికి రెండు చుట్లు చుట్టుకోరా. ఎన్నిమార్లు చెప్పాల నీకు?"

చుట్టుకుంటాను, అంతలో నా వెనుక అడవి నిన్న పట్నం సభలో నేను మాట్లాడిన అద్దాల హాలవుతుంది, చెట్ల నడుమ కుర్చీలు మొలుస్తాయి, మందుల కంపెనీవాళ్లు, వాళ్ల వెంట దూరదేశపు దొరలు, మెడల్లో పేరుబిళ్లలతో నన్ను చుట్టుముట్టి, గాయం మాన్పే వేరు ఏ చరియలో ఉందో ఊరికే వేలు చాపి చూపితే చాలంటారు, ఎంతో మర్యాదగా. వేలు చాపాలంటే ఒక చేయి వదలాలి.

"బావా, వేరు అడుగుతాండారు. పొద్దున్నే తీసుకపోతానని మాటిచ్చినా."

తేనెటీగల హోరు ఆగిపోతుంది.

"మీ తాతనాడు దొరలు అడివికి గీతలు గీసి మనది గాదనిరి. ఇప్పుడు వేరుకు గీస్తారంటనా?" బావ గొంతు రాయిలోంచి వస్తున్నట్టుంది. "మా అంకాలుకు చూపిచ్చినావా?"

అంకాలు బావ కూతురు. ఆ చోటు ఇప్పుడు తెలిసింది నాకొక్కడికే. పిల్లకు చూపించమన్నదే ఆసుపత్రిలో బావ చెప్పిన చివరి మాట.

"లేదు బావా. హాస్టల్లో ఉండాది, సెలవులకొస్తే..."

"దొరలకైతే తీరిక దొరికిందే నీకు! తేనెపట్టులో సగం ఈగలకు ఇడిసి రావాలని నేర్పినా గదరా. వాళ్లు ఇడుస్తారా?"

జవాబు చెప్పబోతే నోటినిండా మైనం. ఉన్నట్టుండి తాడు తేలికవుతుంది, తొంగిచూస్తాను, బావ లేడు, తాడు చివర బడి బట్టల్లో అంకాలు, నా వైపే చూస్తూ.

"మామా, పట్టుకున్నావా?"

ఎవరో నా వేళ్లను మెత్తగా విప్పుతున్నారు. "ఒక్క వేలే కదండీ..."

మెలకువ వచ్చింది. లాడ్జి కింద కంపెనీ జీపు హారన్ కొడుతోంది. నిన్న సభలో మెడలో వేసిన పేరుబిళ్ల నాడా నా కుడి అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది, చర్మంలో ఎర్రగా గాడి పడింది. ఆ పిడికిలి విప్పకుండా, ఎడమచేత్తోనే అంకాలు హాస్టలుకు ఫోన్ కలిపాను.