పొద్దున ఏడింటి బండి

ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక గల్లీలో రోజూ పొద్దున ఏడింటికి ఒక తెల్ల కారు దానంతట అదే స్టార్ట్ అవుతుంది. గోడ పక్క నుంచి కదిలి మల్లన్న గది ముందుకు వచ్చి నిలబడుతుంది. పది నిమిషాలు ఇంజన్ నడుస్తుంది. ఎవరూ ఎక్కరు. తర్వాత వెనక్కి జరిగి, తన చోటికి పోయి ఆగిపోతుంది. గల్లీ వాళ్ళు ఆ వేళకు స్కూటర్లు కాస్త పక్కకు పెట్టుకుంటారు. పై అంతస్తు సుశీలమ్మ ఆ చప్పుడు విని స్టవ్ మీద పాలు పెడుతుంది.

ఆ కాసేపట్లో మల్లన్న బండి తుడుస్తాడు. ముందు అద్దం, ఆ తర్వాత బానెట్, తలుపులు. ఆఖరికి వెనక తలుపు తెరిచి ఎడమ వైపు సీటు మీద బట్టతో ఒకసారి కొడతాడు. అది కైలాసం సేటు కూర్చునే చోటు.

కైలాసానికి బేగంబజార్‌లో స్టీలు గిన్నెల హోల్‌సేల్ దుకాణం ఉండేది. మల్లన్న ఇరవై ఏళ్ళకు పైగా ఆయన దగ్గర డ్రైవర్. సేటు ఎప్పుడు పిలుస్తాడో తెలియని ఉద్యోగంలో పెళ్ళి మాట వాయిదా పడుతూ పోయి, చివరికి ఎవరూ ఆ మాట ఎత్తడం మానేశారు. సేటు చనిపోయాక కొడుకులు పాత కారును మల్లన్న పేరుమీదికి మార్చి ఇచ్చేశారు.

తెచ్చుకున్న మొదటి వారంలోనే మల్లన్న దాన్ని నడపబోయాడు. గల్లీ మలుపు దాకా పోయి అద్దంలోకి చూశాడు. వెనక సీటు ఖాళీగా కనిపించింది. బ్రేకు వేశాడు. తిప్పుకొని వచ్చేశాడు. మరునాటి నుంచి కారు తనే ఏడింటికి స్టార్ట్ కావడం మొదలుపెట్టింది. మల్లన్న మళ్ళీ స్టీరింగ్ పట్టుకోలేదు. డబ్బాలో పెట్రోలు తెచ్చి పోయడం మాత్రం మానలేదు. అట్లా మూడేళ్ళు గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున బండి టకటకమని కొట్టుకుంటూ కదిలింది. లోపల ఎర్ర లైటు వెలిగింది. సగం దూరం వచ్చి ఆగిపోయింది. మల్లన్న తుడిచే బట్ట చేతిలో పట్టుకొని చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. రోజు మొత్తంలో అతని కోసం వచ్చేది ఆ బండి ఒక్కటే.

కిరాణా దుకాణం గోవర్ధన్ వచ్చి బానెట్‌లోకి తొంగి చూశాడు.

"అన్నా, కిరసనాయిలు అర లీటరు పొయ్యి. లోపలి మడ్డంత కడుక్కొని వస్తది. మా బావమరిది గట్లనే చేసిండు."

"నడిచిందా మరి బండి?"

"నడిచింది. గాయన ఇప్పుడు ఆటోల తిరుగుతుండు. అది వేరే ముచ్చట."

పైనుంచి సుశీలమ్మ అందుకుంది. "సోడా పొడి పోస్తే పోదా మల్లన్నా? మాడిన గిన్నెలు నేను గట్లనే తోముత."

మల్లన్న ఎవరి మాటా వినకుండా మాదన్నపేట వెళ్ళి డానియేలును పిలుచుకొచ్చాడు. డానియేలు బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. చర్చి నుంచి నేరుగా వచ్చాడు కాబట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉన్నాడు. ఇంజన్ మీద నూనె పోసే మూత తిప్పి తీశాడు. మూత లోపల చాయ్ రంగు నురగ మీగడలాగా అంటుకొని ఉంది. వేలు లోపలికి పెట్టి తీస్తే తారులాంటి మడ్డి వచ్చింది.

"ఏం చేసినవ్ భాయ్ దీన్ని?"

"నేనేం చెయ్యలే అన్నా. రోజు తుడుస్తున్న."

"నేను చెప్పేది గదే. ఏం చెయ్యలే నువ్వు. పది నిమిషాలు నడిచి ఆగితే ఇంజన్ వేడెక్కదు. లోపలి చెమ్మ ఎటు పోతది? నూనెల కలిసి గిట్ల మడ్డి అయితది."

"కిరసనాయిలు పోస్తే?"

"పెళ్ళలు పెళ్ళలు ఊడి కింద జాలీకి అడ్డం పడ్తయి. నూనె పైకి ఎక్కదు. ఇనుము ఇనుము రాసుకుంటది. ఇగ బండి పాత ఇనుము కింద కబాడీల ఏసుకోవాలె."

గోవర్ధన్ మెల్లగా దుకాణంలోకి పోయాడు.

డానియేలు చొక్కా విప్పి గేటుకు తగిలించాడు. జాకీ పెట్టి బండి లేపి, జారకుండా చక్రాల కింద ఇటుకలు పెట్టించాడు. ముందు పాత నూనె కారిపోనిచ్చారు. సరిగ్గా కారలేదు, ముద్దలు ముద్దలుగా పడింది. తర్వాత ఇంజన్ అడుగున నూనె నిలిచే ఇనుప తొట్టిని బోల్టులు విప్పి కిందికి దించాడు. అందులో చల్లారిన హల్వాలాగా నల్లటి మడ్డి పేరుకొని ఉంది. మల్లన్న చెంచాతో గీకి పాత డబ్బాలో వేశాడు. నూనెను పైకి పీల్చే జాలీ సగానికి పైగా మూసుకుపోయింది. దాన్ని డీజిల్‌లో బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించారు. కొత్త ఫిల్టర్, కొత్త నూనె.

పని అయ్యేసరికి ఎండ గోడ దిగింది.

"ఇది సగం పనే భాయ్," అన్నాడు డానియేలు చేతులు తుడుచుకుంటూ. "పైన సందులల్ల ఇంక మడ్డి ఉన్నది. అది కొత్త నూనె వేడి మీద తిరుగుతుంటే మెల్లగ కరగాలె. వారం పది దినాలల్ల ఈ నూనె నల్లబడితది, తీసి మళ్ళ కొత్తది పోస్దాం. రేపు మాత్రం రోడ్డు మీద గంటకు తక్కువ గాకుండ పోవాలె. రేపు పోకుంటే ఇగ దీని ఆశ ఇడిచిపెట్టు."

"ఎవరిని తీసుకపోవాలె?"

"ఎవర్నో ఎందుకు? నువ్వే పో."

"ఖాళీ సీటు అద్దంల చూసుకుంట నడుపుడు నాకు రాదన్నా. నువ్వొస్తవా?"

"నాకు కార్లు పడవు. వాంతులైతయి."

"మెకానిక్‌వు గదనే!"

"జిందగీ అంత బండ్ల కిందనే ఉన్న. ఎక్కింది ఎప్పుడు?"

డానియేలు చొక్కా తొడుక్కున్నాడు. కాలరు మీద నల్లటి వేలిముద్ర పడింది. దాన్ని చూసి తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

మరునాడు ఏడింటికి కారు స్టార్ట్ అయింది. ఎర్ర లైటు ఒకసారి వెలిగి, ఆలోచించినట్టు ఆగి, ఆరిపోయింది. టకటక తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. గది ముందుకు వచ్చి నిలబడింది. మల్లన్న తుడిచాడు. ముందు తలుపు తెరిచి స్టీరింగ్ వెనక కూర్చున్నాడు. అద్దంలోకి చూశాడు. దిగిపోయాడు.

పది నిమిషాలు అయ్యాయి. కారు వెనక్కి జరగలేదు. ఇంకో పది నిమిషాలు అయ్యాయి. సుశీలమ్మ పాలు దించేసి కిటికీలోంచి చూసింది. బండి కదలదు, ఆగదు. అట్లాగే నిలబడి నడిస్తే సాయంత్రానికి మళ్ళీ లోపల ఏం పేరుకుంటుందో మల్లన్నకు ఇప్పుడు తెలుసు.

వెనక తలుపు తెరిచాడు. సీటు మీద బట్టతో కొట్టాడు. చెప్పులు ఒకదానికొకటి తట్టి దుమ్ము దులిపి, ఎడమ వైపు తనే కూర్చున్నాడు.

కారు కదల్లేదు.

సేటు అయితే కూర్చోగానే ఊరి పేరు చెప్పేవాడు. మల్లన్నకు ఏ పేరూ తోచలేదు. యాదగిరిగుట్ట, బాసర, శ్రీశైలం, అన్నీ పోయినవే. కానీ అతను చూసింది బండ్లు నిలిపే జాగాలు. సాగర్ డ్యామ్ దగ్గర మూడుసార్లు గేట్లు ఎత్తిన చప్పుడు విన్నాడు. సేటు డబ్బుల సంచి బండిలో ఉండేది కాబట్టి బండి వదిలి పోలేదు.

గొంతు సవరించుకున్నాడు. ముందున్న ఖాళీ సీటుతో, సేటు అన్నట్టే అన్నాడు.

"సాగర్ పోనియ్యి, మల్లన్నా."

కారు గల్లీ మలుపు తిరిగింది. చంపాపేట దాటి సాగర్ రోడ్డు ఎక్కింది. చౌరస్తాలో కానిస్టేబుల్ చెయ్యి ఊపి పొమ్మన్నాడు. ఇబ్రహీంపట్నంలో బంకు ముందు ఆగితే, అక్కడి మనిషి నేరుగా వెనక కిటికీ దగ్గరికే వచ్చాడు.

"ఎంత పొయ్యాలె సేటూ?"

మల్లన్న పక్కకు తిరిగి చూశాడు. సీటులో ఇంకెవరూ లేరు.

"ట్యాంకు నిండ పొయ్యి," అన్నాడు.

ఆ తర్వాత ఎక్కడో ఇంజన్ చప్పుడు మారింది. టకటక ఎప్పుడు పోయిందో అతను పట్టుకోలేకపోయాడు. వేడి చూపే ముల్లు మూడేళ్ళలో మొదటిసారి మధ్యకు వచ్చింది.

సాయంత్రం డానియేలు ఫోన్ చేశాడు. అవతల నీళ్ళ హోరు.

"ఏడున్నవ్ భాయ్?"

"సాగర్ల. కట్ట మీద నిలవడ్డ."

"ఎర్ర లైటు?"

"ఎలుగలే."

"ఎవరున్నరు నీతోని?"

"ఎవరు లేరన్నా." హోరులో వినపడాలని మల్లన్న గొంతు పెంచాడు. "అన్నా, వెనక సీటుల కూసుంటే రోడ్డు కనవడదే. పక్కకు చేన్లు, చెరువులు, మనుషులు కనవడ్తరు. గిన్నేండ్లు పోయిన తొవ్వనే, ఏదీ ఎరుక లేదు నాకు."

డానియేలు నూనె చూసుకొమ్మని చెప్పాడు.

"చూస్త. నువ్వొక పని చెయ్యి. రేపటి సంది నా గుమ్మంల పాకెట్ ఎయ్యొద్దని పాలాయనకు చెప్పు."

"ఎన్ని దినాలు?"

"నేను చెప్పేదాంక."